కారే ట్యాంకు, తేలే ట్యాంకు

భివండీలో నేల మీద జరిగే ప్రతి పనికీ లెక్క ఉంటుంది. ఎన్ని సాంచాలు (మరమగ్గాలు), నిమిషానికి ఎన్ని పీకులు, పాళీకి ఎన్ని మీటర్ల గుడ్డ, ఇవన్నీ సేఠ్ పుస్తకంలో ఉంటాయి. నేల కింద జరిగే పనికి మాత్రం ఏ పుస్తకమూ లేదు. థాణే జిల్లాలో కామ్వారీ నది ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో 2011 జనగణన నాటికే 7 లక్షల పైచిలుకు జనం ఉన్నారు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి వలస వచ్చిన పద్మశాలీలు పద్మనగర్, కామత్‌ఘర్ పేటల్లో తెలుగు బతుకు నిలబెట్టుకున్నారు. 1982 జనవరిలో ముంబై మిల్లు కార్మికుల సమ్మె మొదలయ్యాక అక్కడి నేత పని ఇటు మళ్లింది. సాంచాలు పెరిగాయి, వాటి వెంట ఖోలీలు (గదులు) పెరిగాయి. భూగర్భ డ్రైనేజీ మాత్రం ఆ వేగాన్ని అందుకోలేకపోయింది. అందుకే ఇక్కడ చాలా ఇళ్లలో సండాసు కింద ఇప్పటికీ ఒక సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. కట్టిన రోజున మూతేసి మరిచిపోయే వస్తువు అది. కారడం మొదలయ్యాకే మళ్లీ గుర్తొస్తుంది.

కారిన ట్యాంకు తీసి కొత్తది పెట్టడం మేస్త్రి పనే, కాదనలేం. కానీ పాతదాన్ని ఏది తినేసిందో తెలుసుకోకుండా పెడితే కొత్తదానికీ అదే గతి పడుతుంది. ఆ కారణాలను వెతికి పట్టుకోవడమే ఈ అధ్యాయం పని. అందులో రసాయన శాస్త్రం ఉంది, సూక్ష్మజీవులున్నాయి, చివరికి ఆర్కిమిడీసు కూడా ఉన్నాడు.

నిండితే భయం లేదు

ఒక ఇల్లు ఊహించుకుందాం. కింద కార్ఖానాలో సాంచాలు, పైన ఖోలీల్లో నాలుగు కుటుంబాలు, అందరూ కలిసి 20 మంది. వెనక సందులో నేల కింద 2.5 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న ఇటుకల ట్యాంకు. గోడ అడుగున చెమ్మ, సందులో వాసన. మేస్త్రి వచ్చి మూత పక్కకు జరిపి, వెదురుకర్ర దించి చూశాడు.

"నిండిందా మేస్త్రీ?"

"నిండలేదమ్మా, గదే కష్టం. బయటికి పొయ్యే పైపు కంటె జానెడు కిందికి ఉన్నయి నీళ్లు."

మేస్త్రి మాటలో ఈ విద్య సారమంతా ఉంది. సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నిండే ఉండాలి. లోపలికి ఒక చెంబెడు నీళ్లు వస్తే అవతలి పైపు నుంచి ఒక చెంబెడు పోవాలి. దాని పని తీరే అంత. కాబట్టి మూత తీసినప్పుడు నీటిమట్టం సరిగ్గా బయటి పైపు అంచున ఉంటే ట్యాంకు ఆరోగ్యంగా ఉన్నట్టు. అంతకంటే పైకి ఉంటే ముందు దారి ఎక్కడో మూసుకుపోయింది. కిందికి ఉంటే గోడలోనో అడుగునో పగులుంది.

జానెడంటే 20 సెంటీమీటర్లు అనుకుంటే, ఈ ట్యాంకు కొలతల ప్రకారం 600 లీటర్ల మురుగు ఉండాల్సిన చోట లేదు. అది ఎక్కడికి పోయింది? చుట్టూ ఉన్న మట్టిలోకి, గోడ పునాదిలోకి, పక్కనే మంచినీళ్ల పైపు ఉంటే దాని చుట్టుపక్కలకి. కుళాయిలో నీళ్లు వచ్చే వేళ పైపులో ఒత్తిడి ఉంటుంది, బయటి మురుగు లోపలికి రాలేదు. నీళ్లు ఆగిపోయిన వేళ ఒత్తిడి పడిపోతుంది. ఆ పైపుకు ఎక్కడైనా చిల్లి ఉంటే చుట్టూ ఉన్న మురుగును అదే పీల్చుకుంటుంది. గంటల లెక్కన నీళ్లు వదిలే ఊళ్లలో కామెర్లు, విరేచనాలు పేటల వారీగా రావడానికి ఇదొక ముఖ్య కారణం.

వానాకాలంలో కథ తిరగబడుతుంది. అదే పగులు గుండా భూగర్భ జలం ట్యాంకులోకి వస్తుంది. ఇంట్లో ఎవరూ నీళ్లు పోయకపోయినా బయటి పైపు నుంచి ధార ఆగదు. వేసవిలో బయటికి, శ్రావణంలో లోపలికి కారే ట్యాంకు ఒక్కటే. అందుకే పరీక్ష ఎండల్లోనే చేయాలి. రాత్రి అందరూ పడుకున్నాక కర్ర మీద నీటిమట్టం గుర్తు పెట్టి, తెల్లవారుజామున ఎవరూ లేవకముందు మళ్లీ చూడాలి. మన లెక్కలోని ట్యాంకులో మట్టం 2 సెంటీమీటర్లు పడిపోతే 60 లీటర్లు నేల తాగేసినట్టు.

లోపల ఏం జరుగుతుంది

ట్యాంకు మలాన్ని దాచే పెట్టె అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది విడదీసే పాత్ర. వచ్చిన మురుగు అందులో ఒక రోజు నుంచి రెండు రోజుల దాకా కదలకుండా నిలుస్తుంది. బరువైనవి అడుగున బురదగా దిగుతాయి. నూనెలు, తేలికైనవి కాచిన పాల మీద మీగడలా పైన తెట్టె కడతాయి. నడుమ మిగిలిన కాస్త తేటనీరు మాత్రమే బయటికి పోవాలి. అందుకే లోపలికి వచ్చే పైపుకూ బయటికి పోయే పైపుకూ ట్యాంకులో టీ ఆకారపు ముక్క తగిలిస్తారు. దాని కిందికొస తెట్టె కిందికి, బురద పైకి ఉండేలా దిగుతుంది. బయటి పైపు లోపలి పైపు కంటే 5 సెంటీమీటర్లు దిగువన ఉంటుంది. ట్యాంకును రెండు గదులు చేస్తే మొదటిది మొత్తం పొడవులో మూడింట రెండు వంతులు ఉండాలి. ఈ కొలతలన్నీ భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 2470లో ఉన్నాయి. అయిదుగురు వాడే ట్యాంకుకు ఆ ప్రమాణం చెప్పే కొలత 1.5 మీటర్ల పొడవు, 0.75 మీటర్ల వెడల్పు, సుమారు మీటరు నీటి లోతు. అంటే 1,100 లీటర్ల పైచిలుకు.

అడుగున దిగిన బురదను గాలి అక్కర్లేని బాక్టీరియా తింటుంది. ఈ సంగతిని లోకానికి చూపించినవాడు ఫ్రాన్సులోని వెజూల్ ఊరివాడు లూయీ మూరా. 1860 ప్రాంతంలో ఒక ఇంటికి మూసి ఉండే మురుగుగుంట కట్టాడు. కొన్నేళ్ల తర్వాత తెరిచి చూస్తే అనుకున్నంత మలం లేదు, చాలామటుకు ద్రవమే ఉంది. 1881లో దానికి పేటెంటు పుచ్చుకున్నాడు. 1895లో ఇంగ్లండులోని ఎక్సెటర్ నగర సర్వేయరు డోనాల్డ్ కామెరాన్ దాన్ని పెద్దఎత్తున కట్టి, సెప్టిక్ ట్యాంకు అని పేరు పెట్టాడు. భివండీ సందులో ఉన్నది దాని వారసురాలే.

బాక్టీరియా తిన్నా అంతా మాయం కాదు. జీర్ణం కాగా మిగిలే బురద మనిషికి ఏడాదికి 40 నుంచి 80 లీటర్ల దాకా ఉంటుందని డిజైన్ లెక్కల్లో పట్టుకుంటారు. 20 మంది ఉన్న ఇంట్లో అది ఏడాదికి 800 నుంచి 1,600 లీటర్లు. ట్యాంకు 4,000 లీటర్లదైతే, పది నెలలకీ ఇరవై నెలలకీ మధ్య ఎప్పుడో ఒకప్పుడు బురద మూడో వంతుకు చేరుతుంది. అప్పటికి తీయించకపోతే తేటనీటికి చోటు తగ్గి, బురదే బయటి గటర్లోకి నడుస్తుంది.

పై నుంచి తినే ఆమ్లం

పాత ట్యాంకును పగలగొట్టేటప్పుడు ఒక విచిత్రం కనిపిస్తుంది. ఏళ్ల తరబడి మురుగులో నానిన అడుగు గోడ గట్టిగానే ఉంటుంది. ఏనాడూ మురుగు తాకని పైకప్పు, నీటిమట్టానికి పైన ఉన్న గోడ మాత్రం మెత్తబడి, తెల్లటి ముద్దలా రాలిపోతుంది. గోరుతో గీకినా ఊడొస్తుంది. కప్పులోని ఇనప చువ్వలు తుప్పు పొరలై బయటికి తేలి ఉంటాయి.

దీని వెనక రెండు రకాల సూక్ష్మజీవుల ఉమ్మడి వ్యాపారం ఉంది. అడుగున గాలి లేని చోట ఉండే బాక్టీరియా, మురుగులోని సల్ఫేటును వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడు వాయువును వదులుతుంది. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. ఆ వాయువు పైకి లేచి కప్పుకు పట్టిన చెమ్మలో కరుగుతుంది. అక్కడ గాలి దొరుకుతుంది కాబట్టి ఇంకో జాతి బాక్టీరియా కాచుకుని ఉంటుంది. అది సల్ఫైడును ఆక్సీకరణం చేసి గంధకామ్లంగా మారుస్తుంది. ఆ చెమ్మ ఆమ్లత్వం పీహెచ్ 2 దాకా, ఒక్కోసారి అంతకంటే దిగువకీ పోతుంది. సిమెంటులోని సున్నాన్ని ఈ ఆమ్లం జిప్సంగా మారుస్తుంది. అంటే గోడ గోడగానే నిలబడి ఉంటుంది, కానీ అందులో సిమెంటు స్థానంలో సుద్ద చేరుతుంది. ఇది వట్టి రసాయన చర్యేనని మొదట్లో అనుకునేవారు. దీని వెనక బాక్టీరియా ఉందని 1945లో మెల్‌బోర్న్ మురుగు కాలువల కాంక్రీటును పరిశీలించిన పార్కర్ అనే శాస్త్రవేత్త నిరూపించాడు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. నీటిమట్టం దగ్గర మొదలైన ఈ తినివేత పైకప్పును కూడా వదలదు. పైన బండ గట్టిగా కనిపిస్తుంది, పిల్లలు దాని మీద ఆడుకుంటారు, సైకిళ్లు పెడతారు. కింద నుంచి అది పల్చబడుతూ ఉంటుంది. పాత ట్యాంకు కప్పు మీద నుంచి నడవొద్దని పెద్దలు కసురుకునేది అందుకే. కారడం కంటే ముందు కూలే ప్రమాదం ఉంది.

సల్ఫేటు ఎక్కువగా ఉన్న నీళ్లు పోస్తే ఈ వ్యాపారం జోరందుకుంటుంది. భివండీ ఉల్హాస్ నది ఖాడీకి, అంటే సముద్రపు పాయకు, దగ్గర. ఖాడీ ఉప్పు కలిసిన బోరు నీళ్లను సండాసులో పోస్తుంటే, కప్పు ఆయుష్షు ఆ మేరకు తగ్గుతుంది.

పీకు పీకుకూ ఒక దెబ్బ

రెండో శత్రువు కార్ఖానాలోనే ఉంది. నాడె కొట్టే మామూలు సాంచె నిమిషానికి సుమారు 130 పీకులు వేస్తుంది. పీకు పీకుకూ నాడెను ఒక కొసనుంచి ఇంకో కొసకు విసరడం, అవతల ఆపడం, పన్నె వచ్చి పోగును గట్టిగా కొట్టడం. ఆ దెబ్బ ఇనప చట్రంలోంచి నేలలోకి దిగుతుంది. 12 గంటల పాళీలో ఒక్క సాంచె నేలకు 93,600 దెబ్బలు కొడుతుంది. పక్కపక్కనే 24 సాంచాలుంటే లెక్క మీరే వేసుకోండి.

ఇటుక గోడను ఈ అదురు ఒక్కసారిగా పగలగొట్టదు. గట్టిగా బిగిసిన చోట, ఒకదానికొకటి వేరే లయలో కదిలే రెండు వస్తువులు కలిసే చోట అది పని చేస్తుంది. అలాంటి చోటు ట్యాంకు గోడలోకి పైపు దూరే కంత. ఇంటి గోడతో పాటు పైపు కదులుతుంది, మట్టిలో ఉన్న ట్యాంకు కదలదు. నడుమ సిమెంటు పూసి బిగించిన అతుకు సాగలేదు, వంగలేదు, పగులుతుంది. కారే ట్యాంకుల్లో ముందు వెతకాల్సింది ఇక్కడే. ట్యాంకు గట్టిగా ఉండి ఈ అతుకు ఒక్కటే పోయిందని తేలితే, ట్యాంకు మార్చే ఖర్చే తప్పుతుంది. అతుకును తవ్వి, రబ్బరు వాషరున్న ముక్కతో బిగించుకుంటే చాలు.

పడవ నేర్పిన పాఠాలు

నేల కింద ట్యాంకుకు కష్టాలున్నాయనుకుంటే, నీటి మీద ట్యాంకుకు ఇంకా ఎక్కువ. సముద్రంలో తిరిగే చిన్న పడవల్లో సండాసు నీళ్లను నిలవ ఉంచే తొట్టి పడుకునే మంచం కిందే ఉంటుంది. ఆ మురుగును తీరం దగ్గర సముద్రంలోకి వదలకూడదు. 2003 నుంచి అమల్లో ఉన్న మార్పోల్ ఒప్పందం నాలుగో అనుబంధం ప్రకారం, 400 టన్నులూ అంతకు పైబడిన ఓడలు, 15 మందికి మించి మనుషుల్ని మోసే ఓడలు శుద్ధి చేయని మురుగును తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్లు దాటాకే, అదీ కనీసం 4 నాట్ల వేగంతో సాగుతూ కొంచెం కొంచెంగా వదలాలి. చిన్న పడవలకు ఆయా దేశాల సొంత నియమాలున్నాయి. అందుకే ఒడ్డు చేరేదాకా మురుగును మోయాలి.

పడవలో పరిస్థితి భివండీ కంటే కఠినం. ఫ్లష్‌కు చాలా పడవల్లో సముద్రపు నీళ్లే వాడతారు. అందులో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది కాబట్టి సల్ఫైడు విపరీతంగా పుడుతుంది. పడవ రోజంతా ఊగుతుంది కాబట్టి అతుకులకు తీరిక ఉండదు. మూత్రం, ఉప్పునీరు కలిసి అల్యూమినియం తొట్టికి చిల్లులు పెడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలైనా వెల్డింగు చేసిన గీత వెంట పుచ్చుతుంది. కొన్నేళ్లు వాసనలు భరించి, తొట్టెలు మార్చి మార్చి పడవ వాళ్లు మూడు పాఠాలు నేర్చుకున్నారు.

మొదటిది, లోహం వద్దు, అతుకు వద్దు. మందమైన పాలిథీన్‌తో ఒకే ముక్కగా పోత పోసిన తొట్టి మేలు. ఈ ప్లాస్టిక్కును గంధకామ్లం ఏమీ చేయలేదు. రెండోది, పైపుల కంతలు వీలైనంత వరకు తొట్టి నెత్తిన ఉండాలి, పక్కల మీద వద్దు. అతుకు వదులైనా అప్పుడు బయటికి వచ్చేది గాలే, మురుగు కాదు. మూడోది, గాలిగొట్టం లావుగా ఉండాలి. గాలి ధారాళంగా ఆడే చిన్న తొట్టిలో గాలి పీల్చే బాక్టీరియాదే పైచేయి అవుతుంది. అవి వదిలే కార్బన్ డయాక్సైడుకు వాసన లేదు.

పడవ వాళ్ల దగ్గర ఇంకో చిట్కా ఉంది. తొట్టి కారడం లేదు, అయినా గదిలో వాసన. అప్పుడు అనుమానం రబ్బరు గొట్టం మీదికి పోవాలి. నీటిబొట్టు దాటలేని గొట్టం గోడ గుండా వాయువు అణువులు ఏళ్ల మీద మెల్లగా దాటుకొస్తాయి. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను గొట్టం చుట్టూ చుట్టి, చల్లారాక ఆ గుడ్డను వాసన చూస్తారు. గుడ్డకు వాసన పట్టిందంటే గొట్టం పని అయిపోయినట్టే. భివండీ సండాసులకు ఉండే గట్టి పీవీసీ పైపుకు ఈ బాధ చాలా తక్కువ. ఇరుకులో వంపు తిప్పడానికి మెత్తటి గొట్టం ముక్క అతికించిన చోట మాత్రం ఈ పరీక్ష పనికొస్తుంది.

తీసేది ఎలా

కొత్త ట్యాంకు దించే ముందు పాతది ఖాళీ కావాలి. మనుషులు చచ్చిపోయేది ఈ మెట్టు దగ్గరే.

హైడ్రోజన్ సల్ఫైడును మన ముక్కు పది లక్షల భాగాల గాలిలో ఒక భాగం కంటే తక్కువ ఉన్నా పసిగడుతుంది. కానీ 100 భాగాలు దాటేసరికి వాసన పసిగట్టే నాడి మొద్దుబారుతుంది. వాసన పోయింది, గ్యాసు పోయిందని దిగినవాడు అందుకే మోసపోతాడు. 500 దాటితే తల తిరిగి నిమిషాల్లో పడిపోతాడు. 1,000 దగ్గర ఒకటి రెండు ఊపిరులు చాలు. దీనికి తోడు ట్యాంకులో మీథేను, కార్బన్ డయాక్సైడు నిండి ప్రాణవాయువుకు చోటుండదు. నిశ్చలంగా ఉన్న బురదలో ఈ వాయువులు బుడగలుగా ఇరుక్కుని ఉంటాయి. కర్రతో కదిపినా, కాలు పెట్టినా అన్నీ ఒక్కసారి లేస్తాయి. మూత తీసి గంటసేపు ఉంచాం, దీపం దించి చూశాం అనే మాటలకు ఇక్కడ విలువ లేదు. దీపం ఆరకపోవడం సల్ఫైడు సంగతి ఏమీ చెప్పదు. పైగా గాలిలో మీథేను 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఆ దీపమే పేలుడుకు కారణమవుతుంది. పడిపోయినవాణ్ని పైకి లాగడానికి దిగిన రెండోవాడు, మూడోవాడు కూడా పోయిన ఉదంతాలు మన పత్రికల్లో ఏటా వస్తూనే ఉన్నాయి.

అందుకే చట్టం సూటిగా ఉంది. 2013లో వచ్చిన పాకీపని నిషేధ చట్టం ప్రకారం, రక్షణ సాధనాలు లేకుండా ఎవరినైనా సెప్టిక్ ట్యాంకులోకి దించితే మొదటి నేరానికే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది మునిసిపాలిటీకే కాదు, ఇంటి యజమానికీ వర్తిస్తుంది. ఇలా చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సఫాయి కర్మచారి ఆందోళన్ ఏళ్ల తరబడి నడిపిన కేసు అది. ఆ సంస్థకు నాయకుడు కోలార్ బంగారు గనుల ఊళ్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, 2016 మెగసెసే అవార్డు గ్రహీత. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది.

కాబట్టి బురదను పీల్చాల్సింది ట్యాంకరు బండే. అది సందులోకి రాదంటే గొట్టం పొడవు పెంచాలి, అంతే. ఇరుకు గల్లీల కోసం హైదరాబాద్ జలమండలి 2017లో చిన్న జెట్టింగ్ బండ్లను దింపింది. యంత్రం పట్టని గల్లీ అనే సాకుకు అప్పుడే కాలం చెల్లింది. బురద పీల్చాక ఎక్కువ ఒత్తిడితో వచ్చే నీటితో పై నుంచే గోడలు కడిగించి, ఆ నీళ్లనూ పీల్పించాలి. కప్పు పగలగొట్టడమూ బయట నిలబడే చేయాలి.

తేలే ట్యాంకు

ఇప్పుడు కొత్తది. మళ్లీ ఇటుకలతో కట్టుకోవచ్చు, రెడీమేడ్ కాంక్రీటు రింగులు దించుకోవచ్చు, ఫైబరు ట్యాంకు కొనొచ్చు, పాలిథీన్‌ది తేవచ్చు. ఆమ్లానికి చలించనివి చివరి రెండే. అతుకు లేకుండా వచ్చేది చివరిది. బరువు తక్కువ కాబట్టి క్రేను రాని సందులోకి నలుగురు మోసుకురావచ్చు. అయితే డాబా మీద పెట్టే మామూలు నల్ల ట్యాంకును తెచ్చి భూమిలో పాతకూడదు. అది లోపలి నీటి ఒత్తిడిని ఆపడానికి చేసింది. బయటి మట్టి ఒత్తిడికి ఖాళీగా ఉన్న వేళ నలిగి ముడుచుకుపోతుంది. భూమిలో పెట్టేదానికి మందమైన గోడ, చుట్టూ పక్కటెముకల్లా గట్లు ఉంటాయి. అడిగి అదే తెచ్చుకోవాలి.

తేలిక కావడమే దీనికున్న వరం, శాపం కూడా. భివండీ నేల కింద ఎంతో లోతు పోకముందే నల్లరాయి తగులుతుంది. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే, ఈ కొంకణ నేల మీద 2,000 పైనే పడుతుంది, అదీ నాలుగు నెలల్లో. రాయిలోకి ఇంకలేని నీళ్లు మట్టిలోనే నిలుస్తాయి. ట్యాంకు పెట్టిన గొయ్యి అలాంటప్పుడు ఒక చిన్న కొలను. అందులో ఖాళీ ట్యాంకు అచ్చంగా పడవ.

ఆర్కిమిడీసు సూత్రం ప్రకారం లెక్క వేద్దాం. 3,000 లీటర్ల ట్యాంకు పూర్తిగా నీటిమట్టం కిందికి పోతే, దాన్ని పైకి తోసే బలం 3,000 కిలోల బరువుకు సమానం. ట్యాంకు సొంత బరువు 100 కిలోలనుకుంటే, మిగిలిన 2,900 కిలోల తోపుడును ఎవరో ఒకరు ఆపాలి. ఆపకపోతే అది మట్టిని చీల్చుకుని లేస్తుంది, పైపులన్నీ విరుగుతాయి. ఘన మీటరు కాంక్రీటు బరువు 2,400 కిలోలు. నీళ్లలో మునిగితే దానిమీదా తోపుడు ఉంటుంది కాబట్టి లంగరుగా పనికొచ్చేది 1,400 కిలోలే. అంటే మన ట్యాంకుకు సుమారు 2 ఘన మీటర్ల కాంక్రీటు లంగరు కావాలి. మీద ఉన్న మట్టి బరువు కొంత సాయం చేస్తుంది. నిండుగా ఉన్న ట్యాంకుకైతే ఈ లంగరుతో దాదాపు పనే లేదు. లోపలి నీళ్లు బయటి నీళ్లను తూకానికి తూకం సరిపెడతాయి.

దీన్నుంచి రెండు నియమాలు వస్తాయి. గొయ్యి అడుగున రాళ్లు ఏరి, ఇసుక పరిచి, కాంక్రీటు బెడ్డుకు పట్టీలతో కట్టిన ట్యాంకును దించాక, చుట్టూ మట్టి నింపే ముందే లోపల నీళ్లు పోయడం మొదలుపెట్టాలి. బయట ఒక అడుగు ఇసుక, లోపల ఒక అడుగు నీళ్లు, ఇలా రెండూ కలిసి పైకి రావాలి. అప్పుడు గోడ లోపలికీ నలగదు, బయటికీ ఉబ్బదు. ఇక బురద తీయించేది ఎప్పుడూ వేసవిలోనే, మృగశిర కార్తె రాకముందే. ఆషాఢంలో ట్యాంకు మొత్తం ఖాళీ చేయించడమంటే దాన్ని తేలమని చెప్పడమే.

పైపులను రబ్బరు రింగు అతుకులతో కలపాలి, సాంచాల అదురు అక్కడ ఆగిపోతుంది. నాలుగు అంగుళాల పైపుకు 50కి 1 వాలు చాలు. ఎక్కువ వాలు ఇస్తే నీళ్లు పరిగెత్తి మలం వెనకే నిలిచిపోతుంది. గాలిగొట్టం ఇంటి కప్పు దాటి పైకి పోవాలి, కొసకు దోమతెర కట్టాలి. పడవ తొట్టిలా ఇంత పెద్ద ట్యాంకు అంతా గాలి ఆడదు, కానీ సల్ఫైడు బయటికి పోతుంది. చివరగా, బయటి పైపుకు బిరడా వేసి అంచుదాకా నీళ్లు నింపి 24 గంటలు ఉంచాలి. మట్టం కదలకపోతేనే సండాసు పైపు కలపాలి, మేస్త్రికి మిగతా డబ్బు ఇవ్వాలి.

బురద ఎక్కడికి?

ట్యాంకు ఎంత గట్టిదైనా దాని పని సగమే. బయటికి వచ్చే తేటనీటిలో రోగక్రిములు అలాగే ఉంటాయి. అది ఇంకుడుగుంటకో మురుగుశుద్ధి కేంద్రానికో పోవాలి. తెరిచి ఉన్న గటరులో కలిస్తే నాలా మీదుగా కామ్వారీలోకి, అక్కడినుంచి ఖాడీలోకి పోతుంది. ట్యాంకరు పీల్చుకుపోయిన బురదను ఊరి చివర పారబోస్తే ఇంటి లీకును ఊరి లీకుగా మార్చినట్టే. దీనికి దారి చూపిన ఊళ్లున్నాయి. పద్మశాలీల సొంతగడ్డ వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే మలవ్యర్థాల మీద నిబంధనలు తెచ్చి, ఆ వెంటనే శుద్ధి కేంద్రం పెట్టుకుంది. మహారాష్ట్రలోనే సాతారా జిల్లా వాయి పట్టణం, ఇంటివాళ్లు అడిగేదాకా ఆగకుండా వంతుల వారీగా ప్రతి ట్యాంకునూ తీయించే పద్ధతి పెట్టింది.

కాబట్టి ట్యాంకు మార్చాలనుకునేవారు ముందు మూడు సంగతులు తేల్చుకోండి: కారేది గోడా, అతుకా, కప్పును ఆమ్లం ఎంత తినేసింది, వానాకాలంలో మీ సందులో నీళ్లు ఎంత లోతులో ఉంటాయి. ఈ మూడింటికీ జవాబు దొరికాకే కొనండి. ట్యాంకరు వాణ్ని బురద ఎక్కడ పోస్తావని అడగండి. ఎవరైనా వచ్చి, తక్కువలో అయిపోతుంది, మా కుర్రాణ్ని దించుతానంటే వద్దని చెప్పి పంపించండి. మనిషి దిగాల్సిన అవసరం ఉన్న సెప్టిక్ ట్యాంకు ఈ దేశంలో ఒక్కటి కూడా లేదు.